తొంభై డిగ్రీల అవతల

జనవరి 9

బావగారికి నమస్కారాలు.

మీరు నా ఉద్యోగాన్ని "మీటలు నొక్కే కూలి" అని మీ స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారని అక్క చెప్పింది. నవ్వినవాళ్ల పేర్లు కూడా చెప్పింది. దానికి జవాబు ఫోనులో ఇద్దామంటే, మీరు నేను "హలో" అనేలోపే "లెక్క ఉంటే కాగితం మీద పంపు" అని పెట్టేస్తారు. అందుకే కాగితం మీదే పంపుతున్నాను.

మా వర్క్‌షాపులో లారీల మీంచి రాతి పలకలు ఎత్తి దించే ఇనుప చెయ్యి ఒకటి తయారవుతోంది. అడుగున మడత బందు, పైన కొక్కెం. చెయ్యి నేలకి వాలి ఉన్నప్పుడు దాన్ని ఆపడానికి బ్రేకు గట్టిగా పట్టుకోవాలి. నిటారుగా లేచాక పట్టు దాదాపు అక్కర్లేదు. ఏ కోణంలో ఎంత పట్టు కావాలో చెప్పే లెక్క నాకు అప్పగించారు. బలాలన్నీ మా బీజగణిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. నిండా సైన్‌లు, కాస్‌లు, వర్గమూలాలతో రెండు పేజీల రాశి ఇచ్చింది. "సింప్లిఫై" నొక్కాను. ఒక నిమిషం ఆలోచించి పేజీన్నర చేసింది. సంతోషించి మళ్లీ నొక్కాను. తిరిగి రెండు పేజీలు చేసింది.

మా చీఫ్ ఇంజినీరు నా కుర్చీ వెనకాలే నించుని గోళ్లు కత్తిరించుకుంటాడు. ముక్కలు నా భుజం మీద పడతాయి. "చెయ్యి దగ్గర ఉండే కంట్రోల్ పెట్టె అగ్గిపెట్టంత. అందులో ఈ రామాయణం పట్టదు. ఒక్క లైను కావాలి" అంటున్నాడు.

రెండు పేజీలూ జత చేశాను. తీటా అంటే చెయ్యి నేలతో చేసే కోణం. ముప్పై రెండేళ్లుగా త్రికోణమితి తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి మీరు, ఒకసారి చూడండి. చేతకాకపోతే చేతకాలేదని రాయండి. అక్కకి తప్ప ఎవరికీ చెప్పను.

మీ బావమరిది


జనవరి 17

ఒరేయ్ మీటల మహారాజా,

నీ రెండు పేజీలు అందాయి. పరీక్ష హాల్లో కాపలా డ్యూటీ వేశారు. మూడు గంటలు ఊరికే తిరగాలి. నలభై నిమిషాలు తిరిగాక నీ కాగితం తీశాను. మిగతా టైములో పదకొండు లైన్లలో పూర్తయింది. కాపీ కొట్టేవాడొకడిని పట్టుకోవడానికి మధ్యలో ఆగాల్సి వచ్చింది, లేకపోతే ఇంకా ముందే అయ్యేది.

అంతా కొట్టేశాక మిగిలింది ఇది: ఒకటి ప్లస్ కాస్ రెండు తీటా, దాన్ని రెండుతో భాగించి, మొత్తం మీద వర్గమూలం. లోపల ఉన్నది కాస్ తీటా వర్గం. వర్గానికి వర్గమూలం వేస్తే కాస్ తీటా. బరువు, పొడుగు, కాస్ తీటా, మూడూ గుణించుకో. అదే నీ ఒక్క లైను. ఈ మెట్టు దగ్గర ఆగిపోయిన పిల్లాణ్ణి నేను బెంచీ ఎక్కిస్తాను. నీ యంత్రాన్ని ఏ బెంచీ ఎక్కిస్తావో నీ ఇష్టం.

నాకు ఒకటే సందేహం. అది అన్ని కోట్ల లెక్కలు ఒక్క క్షణంలో చేస్తుందంటారే, మరి చిన్న చేసిన దాన్ని మళ్లీ పెద్ద చేయడమెందుకు? మా హెడ్మాస్టర్ కూడా అంతే. ఒకవేళ అతన్ని చూసే తయారు చేశారా?

నా త్రికోణమితి పుస్తకం ఆరో ముద్రణకి ప్రెస్సులో ఉంది. నీ లెక్కని చివరి అధ్యాయంలో వేస్తున్నాను. శీర్షిక "యంత్రం ఓడిన లెక్క". నీ పేరు వెయ్యను, భయపడకు.

బావ

తమ్ముడూ, ఈయన ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చి నాకు కూడా పాఠం చెప్పారు. కుక్కర్ కూత పెడితే దాన్నీ కసిరారు. వచ్చే ఏడు ఈ పుస్తకం స్కూల్లో నేను పనిచేసే కంప్యూటర్ గదిలో కూడా పెట్టాలట. పదకొండేళ్లలో ఆ గదిలో ఒక్కసారి అడుగు పెట్టని మనిషి. ఏసీ పడదు, గుమ్మంలో చెప్పులు విప్పడం అంతకన్నా పడదు. - అక్క


జనవరి 25

బావగారికి,

ఒప్పుకుంటున్నాను. పూర్తిగా కాదు, ముప్పాతిక.

మీ లైను రాగానే గుడ్డిగా నమ్మలేదు. అసలు రాశిలోంచి మీది తీసేసి, మిగిలింది సింప్లిఫై చెయ్యమన్నాను. రెండూ ఒకటే అయితే సున్నా రావాలి కదా. రాలేదు. "కాస్ తీటా వర్గానికి వర్గమూలం మైనస్ కాస్ తీటా" అని చూపించి ఊరుకుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే. వెనక చీఫ్ నించుని, "మీ బావకి తెలిసింది లక్షలు పోసి కొన్న దీనికి తెలీదా?" అన్నాడు. పక్క టేబుల్ డ్రాయింగ్ ఆయన పెన్సిల్ కింద పెట్టి మరీ నవ్వాడు. కోత యంత్రం చప్పుడుకి మా గదిలో అందరూ అరిచే మాట్లాడతారు, కాబట్టి ఆ మాట షెడ్డు మొత్తం విన్నది.

ఇరవై డిగ్రీలు పెట్టి చూశాను, నలభై, అరవై పెట్టి చూశాను. మీదీ దానిదీ వెంట్రుకవాసి తేడా లేదు. మరి దీనికేం రోగం? చివరికి ఒక ఆదేశం దొరికింది. "కాస్ తీటా ధనాత్మకం అనుకో" అని టైపు చేశాను. అంతే. వెంటనే సున్నా. మొండికేసిన గుర్రానికి కళ్లెం బిగించినట్టు అయింది.

మీ లైను పెట్టెలో ఎక్కించాం. చెయ్యి నిన్న తొమ్మిది లారీలు దించింది. ఆపరేటర్‌ని మేం పొడుగాయన అంటాం, కేబిన్‌లో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఆయన దిగి వచ్చి, "వెన్నలా పోతోంది" అన్నాడు. ఎవరినీ ఏనాడూ మెచ్చుకోని మనిషి.

మీరే గెలిచారు. అక్క ముందు ఈ వాక్యం గట్టిగా చదవద్దు.

బావమరిది


ఫిబ్రవరి 6

ఓటమి ఒప్పుకున్న వీరుడికి,

అక్క ముందే కాదు, జిల్లా లెక్కల టీచర్ల సమావేశంలో చదివాను. నీ యంత్రానికి "అనుకో" అని బతిమాలాల్సి వచ్చిన ముక్క దగ్గర రెండు నిమిషాలు ఆగాల్సి వచ్చింది, నవ్వులు తగ్గేదాకా. వెనక బెంచీలో ఒక కుర్ర మాస్టారు చెయ్యెత్తి, "సార్, కాస్ ఎప్పుడూ ధనాత్మకమేనాండీ?" అన్నాడు. "నాయనా, నువ్వు బీఈడీ ఎక్కడ చదివావు?" అన్నాను. కూర్చున్నాడు.

ప్రెస్సులో ఆ పేజీ కంపోజు అయిపోయింది. ప్రూఫు నేనే దిద్దాను. తప్పులు లేవు.

మోకాలు నొప్పి అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. పదో తరగతిని కింద గదిలోకి మార్చమంటే హెడ్మాస్టర్ దరఖాస్తు పెట్టమన్నాడు. దరఖాస్తు ఇవ్వడానికి ఆయన గది పై అంతస్తులో ఉంది.

బావ


మార్చి 2

బావగారికి,

ఆ పేజీ ఆపించండి. "యంత్రం ఓడిన లెక్క" అచ్చు కాకూడదు. కారణం తర్వాత రాస్తాను.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. ముందు గేటు రోడ్డు తవ్వారు. లారీలు వెనక గేటుకి వస్తున్నాయి. మొన్న పొడుగాయన కేబిన్ నుంచి దూకాడు, మడమ విరిగింది. చెయ్యి పడి షెడ్డు రేకులు కూలాయి. ఆయన్ని సస్పెండ్ చేశారు. ఈ నెల ఇరవై ఆరున విచారణ. తప్పు ఆయనదేనని తేలితే ఉద్యోగం పోతుంది.

పేజీ సంగతి మర్చిపోకండి. అక్కకి ఏమీ చెప్పవద్దు.

బావమరిది


మార్చి 8

బావమరిదికి,

పేజీ ఆపించాలా? కారణం తర్వాత చెప్తావా? నేను ముప్పై రెండేళ్లు పిల్లల మధ్య బతికాను. ఓడిన పిల్లాడి మొహం నాకు చూడక్కర్లేదు, చేతిరాత చాలు. చీఫ్ ఎగతాళి చేశాడా? డ్రాయింగ్ ఆయన మళ్లీ నవ్వాడా? నీ కడుపుమంటకి నా పుస్తకం ఎందుకు ఆగాలి?

ఆ ఆపరేటర్ విషయం విచారమే. కానీ ఒక మాట. లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మీట లాగేవాడు మీట లాగేవాడే. ఏ కోణంలో ఎంత వేగం పోవాలో వాడికేం తెలుసు? విచారణలో అదే తేలుతుంది. నువ్వు మధ్యలో దూరి మంచితనం చూపించకు. నీ పని నువ్వు చూసుకో.

పుస్తకం ఈ నెలాఖరుకి బైండింగుకి వెళుతుంది.

బావ

ఏం దాస్తున్నావురా? పేజీ ఆపమనే ముక్క ఈయన నాకు చదివి వినిపించారు, చివరి వాక్యం మీద మాత్రం చెయ్యి అడ్డం పెట్టారు. - అక్క


మార్చి 12

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీట లాగేవాడి గురించి మీరు రాసిన ముక్కే మా చీఫ్ రిపోర్టులో ఉంది. దాదాపు అవే మాటలు. మీరిద్దరూ కలిసి ఒకే బడిలో చదివి ఉండాలి.

ఇప్పుడు జరిగింది రాస్తాను. విశేషణాలు ఏమీ వెయ్యను.

ముందు గేటులో చెయ్యి నేల నుంచి లేచి నిటారు దాకానే వెళ్లేది. అంటే తొంభై డిగ్రీల లోపు. వెనక గేటు పని మొదలయ్యాక నిటారు దాటి అవతలి వైపుకి వాలాలి. ఫిబ్రవరి 27 ఉదయం పదకొండుకి మొదటిసారి దాటింది. కొక్కేనికి పలక ఉంది. తొంభై దాటితే కాస్ రుణాత్మకం. మీ లైను సున్నా కన్నా తక్కువ విలువ ఇచ్చింది. పెట్టెకి అంత తెలివి లేదు, సున్నా కన్నా తక్కువంటే "పట్టు అక్కర్లేదు" అనుకుంది. బ్రేకు వదిలేసింది. పొడుగాయన స్టాప్ మీట నొక్కాడు. నొక్కినా ఆపాల్సింది ఆ బ్రేకే. చెయ్యి షెడ్డు మీద పడింది. పడబోయే ముందు ఆయన దూకాడు. కింద పలకలు కడిగే ఇద్దరు ఆడవాళ్లు టీకి వెళ్లి ఉన్నారు. ఆ సంగతి రిపోర్టులో లేదు.

ఆ మధ్యాహ్నం నూట ఇరవై పెట్టి చూశాను. అసలు రాశి సగం ఇచ్చింది. మీది మైనస్ సగం ఇచ్చింది. వర్గానికి వర్గమూలం ఎప్పుడూ ధనాత్మకమే, లోపల ఉన్నది ఏదైనా. అందుకే సాఫ్ట్‌వేర్ దాన్ని కాస్ చెయ్యనంది. చేతకాక కాదు. మనిద్దరం కలిసి దాన్ని వెక్కిరించాం.

మీరు కోణం ఎంత దాకా పోతుందని ఒక్క మాట అడగలేదు. ఒక్క షరతు రాయలేదు. మీ లైను వల్ల ఒక మనిషి మడమ పోయింది, ఇప్పుడు ఉద్యోగం పోబోతోంది. ఇదీ కారణం.

బావమరిది


మార్చి 16

నీకు,

షరతు రాయలేదా? నా పుస్తకం మొదటి పేజీ తియ్యి. "ఈ గ్రంథంలో వేరుగా చెప్పనంత వరకు కోణములన్నియు లఘుకోణములే." మొదటి ముద్రణ నుంచీ ఉంది. లఘుకోణం అంటే తొంభై లోపు, అది కూడా విప్పి చెప్పాలా? ఒకసారి రాసిన దాన్ని ప్రతి లెక్క పక్కనా రాస్తూ కూర్చుంటానా? నువ్వు ఆ పుస్తకం ఒకసారి కాదు, తప్పి తప్పి మూడేళ్లు చదివావు. నీ ఇనుప చెయ్యి వెనక్కి పోతుందని నీకు తెలియాలా, నాకు తెలియాలా? నేను నీ షెడ్డు చూశానా? కాగితం మీద తీటా అని పంపావు, తీటాకే జవాబు రాశాను.

మార్చి 18

పై ముక్క ఆ రోజు పోస్టు చేయలేదు. మీ అక్క డబ్బాలో వెయ్యనివ్వలేదు. నీ ఉత్తరం టేబుల్ మీద ఉంటే చదివింది. "నోటితో కాదు, నా గదికి వచ్చి నూట ఇరవై పెట్టి చూడండి" అంది. చెప్పులు విప్పి వెళ్లాను. ఏసీ కింద కూర్చోబెట్టి, మీ దాంలాంటి బీజగణిత సాఫ్ట్‌వేరే తెరిచింది. నా వేళ్లతో నేనే టైపు చేశాను, అరగంట పట్టింది. ఆ యంత్రం నా లైను ఒప్పుకోలేదు. నీకు చూపించిందే నాకూ చూపించింది.

అది తప్పు చేస్తుందేమోనని గోడ మీది బోర్డు మీద చేత్తో చేశాను. రెండు వందల నలభైకి కాస్ మైనస్ సగం. ఒకటిలోంచి తీస్తే సగం. రెండుతో భాగిస్తే పావు. పావుకి వర్గమూలం సగం. ఈ లెక్క నేను కొన్ని వేల మందికి చెప్పాను. అధ్యాయం నాలుగు. అక్కడ కోణాలన్నీ లఘుకోణాలే.

"ఇది ఇంత స్పష్టంగా చెబుతుంటే వాడు ఎందుకు వినలేదు?" అన్నాను. మీ అక్క, "వాడికి మీరు చెప్పారు కదా" అంది.

ప్రెస్సుకి వెళ్లాను. పేజీ తీయించాను. కారణం అడిగాడు. "నా తప్పు" అన్నాను. వినపడనట్టు మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు వెధవ. సమావేశంలో చెయ్యెత్తిన ఆ కుర్ర మాస్టారికి ఒక కార్డు రాశాను. అందులో ఏం రాశానో నీకు అనవసరం.

ఇప్పుడు అసలు సంగతి. విచారణలో నా పేరు చెప్పు. ఫలానా స్కూలు మాస్టారు చేత్తో చేసి పంపాడు, నేను నమ్మాను అని చెప్పు. నా మొదటి ఉత్తరం నీ దగ్గర ఉంది, చూపించు. జూన్‌తో నా సర్వీసు అయిపోతుంది. వాళ్లు నన్ను చేసేదేమీ లేదు. నీకు ఉద్యోగం ఉంటుంది, ఆయనకీ ఉంటుంది. మీట లాగేవాడి గురించి నేను రాసిన కాగితం చింపెయ్. ఇంకెవరికీ చూపించకు.

బావ


మార్చి 30

బావగారికి,

విచారణ అయిపోయింది. మీ పేరు చెప్పలేదు. మీ మీద ప్రేమతో అనుకోకండి. చెబితే నిజం కాదు కాబట్టి.

మా సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసిన ప్రతి లైనూ టైముతో సహా నమోదవుతుంది. జనవరి 22, పదకొండు నలభై: "కాస్ తీటా ధనాత్మకం అనుకో." టైపు చేసింది నేను. మీరు చెప్పమన్నది కాదు. మీకు కోణం తెలియదు, నాకు తెలుసు. చెయ్యి వెనక్కి కూడా పోతుందని డ్రాయింగులో మొదటి రోజు నుంచీ ఉంది. ఆ డ్రాయింగు నా ఎదురు గోడకే ఉంది. పది రోజుల పాటు ఆ నమోదు చెరిపేద్దామా అని ఆలోచించాను. చెరపడం తేలికే, రెండు మీటలు. మీరు పెట్టిన పేరు ఊరికే పోదు.

దాన్ని అచ్చు తీసి పట్టుకెళ్లాను. టేబుల్‌కి ఆ పక్క ముగ్గురు కూర్చున్నారు. చీఫ్ గోళ్ల కత్తెర జేబులోనే ఉంచుకున్నాడు. నేను చదవడం మొదలుపెట్టగానే, "అది నిన్నెవరు అడిగారు? కూర్చో" అన్నాడు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ, "చదవనివ్వండి" అంది. చదివాను. "అంటే ఆ సాఫ్ట్‌వేర్ ముందే కాదని చెప్పిందా?" అంది. చెప్పిందన్నాను. "మీరేం చేశారు?" అంది. నోరు మూయించానన్నాను. "ఈ లైను ఎక్కించమని సంతకం ఎవరిది?" అంది. చీఫ్ కిటికీ వైపు చూశాడు. సంతకం ఆయనదే.

పొడుగాయన సస్పెన్షన్ ఎత్తేశారు. చీఫ్‌కి ఒక మెమో ఇచ్చారు, ఆయన దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాడు. నన్ను డిజైన్ గది నుంచి తీసేసి పాత డ్రాయింగుల గదిలో వేశారు. కిటికీ లేదు. ముప్పై ఏళ్ల కాగితాలు, వాటి మీద బొద్దింకలు. ఎప్పటిదాకా అని అడిగితే చెప్పలేదు.

మీరు కాస్ చెయ్యక ముందున్న వర్గమూలం లైనునే పెట్టెలో ఎక్కించారు. ఒక్క లైనే అది కూడా, పట్టింది. మొదటి రోజే ఆ లైను చాలునని మనిద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నిన్న పొడుగాయన కర్ర పట్టుకుని వచ్చాడు. కేబిన్ ఎక్కనన్నాడు. షెడ్డు మొత్తం పోగైంది.

"ఇప్పుడు సరిగ్గా ఉందంటావా?" అన్నాడు నాతో.

"ఉందన్నా. నేనే మూడుసార్లు చూశాను."

"పోయినసారి కూడా నువ్వే చూశావు కదయ్యా."

లెక్క కాగితం ఆయనకి చాపాను, ఆయన తీసుకోలేదు.

"కంప్యూటర్‌లో చూశావా, కళ్లతో చూశావా?"

"కంప్యూటర్‌లో."

"అయితే ఇలా చేద్దాం. నేను పైకెక్కి చెయ్యి వెనక్కి వాలుస్తాను. పలక లేకుండా, ఉత్తి చెయ్యే. నువ్వు కింద నించో."

డ్రాయింగ్ ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. చీఫ్, "ఇదేం పద్ధతి, రూల్స్ ఒప్పుకోవు" అన్నాడు. "మీరు నించుంటారా సార్, పోనీ?" అన్నాడు పొడుగాయన. చీఫ్‌కి ఫోన్ వచ్చింది. మోగినట్టు మాత్రం ఎవరూ వినలేదు.

వెళ్లి నించున్నాను, రేకులు కూలిన చోటే. ఆయన్ని ఇద్దరు కలిసి కేబిన్ ఎక్కించారు. చెయ్యి లేచింది, నిటారైంది, ఒక్క క్షణం ఆగింది, నా వైపు వాలింది. పొడుగాయన దాన్ని అక్కడే ఆపాడు. దించలేదు, ఎత్తలేదు. పైనుంచి, "ఎంత కోణం అది?" అని అరిచాడు. "నూట ఇరవై ఉంటుంది" అని అరిచాను. "మెడెత్తి చూసి చెప్పు!" అన్నాడు.

చూశాను. మూడు నెలలుగా చేసిన లెక్క ఇదే, కానీ ఆ కోణాన్ని నేను చూడడం అదే మొదటిసారి. కాగితం మీద గీస్తే వెనక్కి వాలినట్టు ఉంటుంది బావా. కింద నించుంటే మీదకి వాలినట్టు ఉంటుంది.

పద్దెనిమిది నిమిషాలు నిలబెట్టాడు.

మీ బావమరిది